మూసిన కొట్టు, తీర్చిన బాకీ



మొన్నటి సంక్రాంతికి మా రెండవ కుమారుడు ఇంటికి వచ్చెను. పండుగ మూడు దినములును గడచి, అల్లుళ్ళును ఆడుబిడ్డలును ఎవరి యూళ్ళకు వారు వెళ్ళిన తరువాత, ఒక సాయంకాలము మెల్లగా మాట బయట పెట్టెను. తానును తన స్నేహితుడును కలసి మా యూరి బజారులో రెడీమేడు బట్టల దుకాణము పెట్టదలచినారట. బ్యాంకివారు ఋణమిత్తురట. అందులకు మా యింటి దస్తావేజు హామీగా నుంచవలెనట. ఆ మాట చెవిని బడగానే మా అత్తగారు చేయుచున్న వత్తులను పళ్ళెములో విడిచి, లేచి లోపలికి పోయిరి.

దానికి కారణము మాకు తెలియును. నలువది యేండ్ల క్రిందట మా మామగారు వ్యవసాయము తమ్మునికి వదలి, ఈ యూరిలోనే బట్టల కొట్టు పెట్టిరి. ఆరేండ్లు బాగుగనే నడచి, ఏడవ యేట మూతపడెను. అప్పులవాండ్లకు ఐ.పి. నోటీసులిచ్చి చేతులు దులుపుకొమ్మని చెప్పినవారు పలువురు. మామగారు వినలేదు. రెండెకరముల మాగాణియు, అత్తగారి వడ్డాణమును పోయి, తొమ్మిదేండ్లకు బాకీలు తీరినవి. నాటి నుండి మా యింట కొట్టు అను మాట ఎవరును ఎత్తరు.

మేము కుమారునికి సరే యనియు చెప్పలేదు, కాదనియు చెప్పలేదు. ఆ రోజులలో మేము అమెరికా దేశాధ్యక్షుడుగా నుండిన హ్యారీ ట్రూమన్ జీవితమును చదువుచుంటిమి. 1947లో మనకు స్వాతంత్ర్యము వచ్చినప్పుడు ఆ దేశమున అధ్యక్షుడీయనే. అధ్యక్షుడుగా ఈయన పలువురకు తెలియును. కాని పల్లెటూరి పొలమున దుక్కి దున్ని, యుద్ధమునకు పోయి తిరిగివచ్చి, చొక్కాలును టోపీలును అమ్ము కొట్టు పెట్టి, అది మూతపడగా ఏండ్ల తరబడి ఆ బాకీలు మోసిన సంగతి అంతగా తెలియదు. నాలుగైదు రాత్రులు భోజనములైన పిమ్మట ఆ కథను అత్తగారికిని కుమారునికిని చెప్పుచు వచ్చితిమి. దానినే ఇక్కడ మీతోను ముచ్చటించుచున్నాము.

ట్రూమన్ 1884వ సంవత్సరము మే 8వ తేదీన మిస్సౌరి రాష్ట్రములోని లామార్ అను చిన్న యూరిలో జన్మించెను. తండ్రి రైతు, పశువుల బేరగాడు. తల్లి మార్తా ఎల్లెన్ చదువు విలువ నెరిగిన ఇల్లాలు. కుమారుడు బడికి పోకముందే అతనికి చదువ నేర్పినది ఆమెయే. పిల్లవానికి చూపు మందమని మొదట కనిపెట్టి, పట్టణమునకు తీసికొనిపోయి అద్దములు పెట్టించినదియు ఆమెయే. అద్దములు పగులునను భయమున ఆటలకు దూరమైన ఆ బాలుడు పుస్తకములకును పియానోకును దగ్గరయ్యెను. ఆరేండ్ల ప్రాయమున, 1890లో, కుటుంబము పొలము విడిచి ఇండిపెండెన్స్ అను చిన్న పట్టణమునకు చేరెను.

ఆ సంసారమునకు మొదటి దెబ్బ తండ్రి వలన తగిలెను. 1901, 1902 ప్రాంతమున ఆయన గోధుమల ధరపై సట్టా వ్యాపారము చేసి ఉన్నదంతయు పోగొట్టెను. ఇల్లు పోయెను. భార్యకు పుట్టినింటి నుండి వచ్చిన భూమియు పోయెను. ఉన్నత పాఠశాల ముగించిన హ్యారీకి కళాశాల చదువు లేకపోయెను. ఈ ఘట్టము వినునప్పుడు మా అత్తగారు, “పండించినవాడే పంట ధర మీద పందెము కాచుటేమమ్మా! పోయినది ఆమె పుట్టింటి పొలమా?” అని రెండు మారు లడిగిరి.

కొన్నేండ్లు బ్యాంకిలో గుమాస్తాగా నుండి, 1906లో తండ్రి పిలువగా హ్యారీ గ్రాండ్‌వ్యూ గ్రామమునందలి అమ్మమ్మ గారి పొలమునకు తిరిగి వచ్చెను. అది ఆరువందల యెకరముల భూమి. పదునొకండేండ్లు తెల్లవారకముందే లేచి గోధుమ, మొక్కజొన్న, ఓట్లు పండించుచు, పశువులను పందులను పెంచుచు గడపెను. 1914లో తండ్రి మరణించగా వ్యవసాయమును, దానితోపాటు అప్పులును ఇతని తలపై బడెను. త్వరగా బయటపడవలెనను ఆశతో ఒక జింకు గనిలోను, నూనె బావులలోను సొమ్ము పెట్టి నష్టపోయెను.

ఆశకు వేరొక కారణము కూడ కలదు. ఇండిపెండెన్స్‌లో బెస్ వాలెస్ అను యువతి యుండెను. ఆరేండ్ల వయస్సున ఆదివారపు బడిలో ఆమెను చూచినది మొదలు ఇతని మనస్సు మారలేదు. ఆమె తాతగారికి పిండిమరలో వాటా కలదు. ఇతడు అప్పులున్న రైతు. 1911లో ఉత్తరము ద్వారా పెండ్లి మాట అడుగగా ఆమె ఒప్పుకొనలేదు. ఇతడు కోపగింపలేదు, ఉత్తరములు మానలేదు. 1913లో ఆమె సమ్మతించెను. కాని ఆమె తల్లికి రైతు అల్లుడగుట ఇష్టము కాకపోవుటచే పెండ్లికి మరి ఆరేండ్లు పట్టెను.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధమున దిగెను. ట్రూమన్‌కు ముప్పదిమూడేండ్లు, చూపు మందము, పైగా సంసార భారము, పోనక్కరలేదు. అయినను పోయెను. పొలమెవరు చూచిరని మీరడుగవచ్చును. తల్లియు, చెల్లెలు మేరీ జేనును. ఆరువందల యెకరముల సేద్యమును ఆ చెల్లెలు నడపెను. అన్నగారి శౌర్యమును గూర్చి వ్రాసిన పుటలు వేలున్నవి. ఆమె సేద్యమును గూర్చి వ్రాసినవి కొలదియే.

శిక్షణ శిబిరములో సైనికులకు సిగరెట్లు, కాగితములు, మిఠాయిలు అమ్ము చిన్న దుకాణమును నడపు పని ట్రూమన్‌కు ఒప్పగింపబడెను. ఎడ్డీ జాకబ్‌సన్ అను యూదు యువకుడు ఆయనకు తోడుగా నుండెను. ఇతనికి బట్టల వ్యాపారమున అనుభవము కలదు. ఇతర పటాలముల దుకాణములు నష్టములో నడచుచుండగా వీరిది లాభము తెచ్చి, సైనికులు వేసికొన్న మూలధనమును తిరిగి చెల్లించి, పైన పంచిపెట్టెను. ఈ జయమే తరువాతి కథకు బీజము.

ఫ్రాన్సు దేశమునకు పోయిన పిదప, 1918 జూలైలో, సుమారు రెండువందల మంది గల ఫిరంగి దళమునకు ఆయన కెప్టెన్ అయ్యెను. వారు ఎవరికిని లొంగని అల్లరి మూకయని పేరు పొందిన పట్టణపు యువకులు. మొదటి దినమున తన కాళ్ళు వణకినవని ఆయనయే తరువాత చెప్పుకొనెను. సెప్టెంబరు 26వ తేదీన ఆరంభమైన మ్యూజ్–ఆర్గోన్ మహాయుద్ధములో వానలో, బురదలో ఫిరంగులను లాగించుకొనుచు నడపించెను. నవంబరు 11న యుద్ధము ముగిసెను. తన దళమువారిని దాదాపు అందరిని క్షేమముగా ఇండ్లకు చేర్చెను. ఆ నెలలన్నియు బెస్ ఇచ్చిన ఛాయాచిత్రము ఆయన రొమ్ము జేబులోనే యుండెను.

1919 జూన్ 28న వివాహము జరిగెను. వధువు వేరు కాపురమునకు రాలేదు. వరుడే అత్తవారింటికి చేరెను. ఇది విని మా అత్తగారు చాలకాలమునకు నవ్విరి. “అమెరికాలోను ఇల్లరికము కలదా!” అనిరి. కలదు. అందులోను, అల్లుడు తమకు చాలినవాడు కాడని తలచిన అత్తగారి ఇంట. ఆ అత్తగారు 1952లో మరణించువరకు, అల్లుడు అధ్యక్షుడైనప్పుడు శ్వేతసౌధమునను, వారితోనే యుండెను.

ఆ సంవత్సరమే నవంబరులో ట్రూమన్, జాకబ్‌సన్ కలసి సమీపములోని కాన్సాస్ సిటీలో, పెద్ద హోటలు కెదురుగా, కొట్టు తెరచిరి. పొలమునందలి తన పశువులను, పనిముట్లను అమ్మగా వచ్చిన సుమారు 15,000 డాలర్లను ట్రూమన్ అందులో పెట్టెను. మగవారి పట్టు చొక్కాలు, కాలర్లు, టైలు, చేతితొడుగులు, టోపీలు, నడుముపట్టీలు అమ్మబడుచుండెను. ఉదయము ఎనిమిది మొదలు రాత్రి తొమ్మిది వరకు అంగడి తెరచియుండెడిది. జాకబ్‌సన్ సరకు కొనును, ట్రూమన్ పద్దులు వ్రాయును, ఇద్దరును అమ్ముదురు. దళములోని పాత సిపాయీలు తమ కెప్టెనుకు బహూకరించిన వెండి పాత్ర అంగడిలో తళతళలాడుచుండెను. ఆ సిపాయీలు వచ్చి కొనుచు, కూర్చుండి కబుర్లాడుచు, అప్పుడప్పుడు చేబదులు తీసికొనుచు నుండెడివారు. మొదటి యేట 70,000 డాలర్లకు పైగా అమ్మకము జరిగెను.

ఇక్కడ మా కుమారుడు, “మరి ఎందుకు మూతపడినది?” అని ఆత్రముగా నడిగెను. మేమును ఈ ప్రశ్న కొరకే వేచియుంటిమి.

యుద్ధకాలమున ప్రపంచమంతయు అమెరికా గోధుమల కొరకు ఎదురుచూచినది. 1919లో బుషెలు గోధుమలు రెండు డాలర్లకు పైగా పలికెను. యూరపులో సేద్యము మరల సాగగా ధర విరిగి, 1921 నాటికి సుమారు సగమయ్యెను. రైతు చేతిలో సొమ్ములేనిదే పట్టణపు అంగడిలో పట్టు చొక్కా కొనువాడు లేడు. పొలమునుండి వచ్చిన మనుష్యుడు పొలమునకు దూరమైతినని తలచెను గాని, గోధుమల ధర వెంట వచ్చి అంగడి గుమ్మము నందుకొనెను. అంతకంటె పెద్ద చిక్కు వేరొకటి. ధరలు ఎక్కువగా నున్నప్పుడు బ్యాంకి ఋణముతో సరకు నిండుగా కొనియుంచిరి. 35,000 డాలర్లకు కొన్న సరకు ధరలు పడిన పిదప 10,000 కూడ చేయలేదు. సరకు విలువ తగ్గును. ప్రామిసరీ నోటు విలువ తగ్గదు. ఈ ఒక్క మాట తెలిసికొనిన చాలును, అంగడులు ఏల మూతపడునో తెలిసిపోవును. 1922లో వారి అంగడి మూతపడెను.

అప్పుడు భాగస్వాములిద్దరును మొదట బాకీదారులతో గడువులు మాటలాడుకొనిరి. జాకబ్‌సన్ కొంతకాలము పెనగులాడి, తాళలేక, 1925లో దివాలా దరఖాస్తు పెట్టుకొనెను. ట్రూమన్ పెట్టలేదు. ఇంత వినగానే మా అత్తగారు కన్నులు తుడుచుకొనిరి.

అయినను ఇక్కడ మేమొక మాట చెప్పవలసి యున్నది. దివాలా చట్టము దొంగలకొరకు పుట్టినది కాదు. మునిగిపోవుచున్న వానికి ఊపిరి యిచ్చుటకు పుట్టినది. జాకబ్‌సన్‌ను ట్రూమన్ ఎన్నడును తూలనాడలేదు. వారి స్నేహము 1955లో జాకబ్‌సన్ మరణించువరకు చెక్కుచెదరలేదు. 1948 మార్చిలో యూదు నాయకుడైన వైజ్‌మన్‌తో మాటలాడుటకు అధ్యక్షుడు నిరాకరించుచుండగా, ఎదుటికి పోయి ఒప్పించినవాడు ఈ పాత భాగస్వామియే. కొట్టు మూతపడిన పిమ్మట భాగస్వాములు ఒకరి ముఖ మొకరు చూడకుండుట మన యూళ్ళలో మేమెన్నో చూచితిమి. డబ్బు పోయినను స్నేహము మిగుల్చుకొనుటయు ఒక విధమైన బాకీ తీర్చుటయే.

ట్రూమన్ బాకీలెట్లు తీర్చెను? ఆ 1922లోనే, సైన్యములోని స్నేహితుని ద్వారా, ఆయన రాజకీయములలో ప్రవేశించి జాక్సన్ కౌంటీ జడ్జిగా ఎన్నికయ్యెను. పేరు జడ్జియే గాని, పని మన జిల్లా పరిషత్తు సభ్యుని పనివంటిది: బాటలు, వంతెనలు, పన్నులు, లెక్కలు. ఆయనను నిలబెట్టిన పెండర్‌గాస్ట్ ముఠాకు మంచి పేరు లేదు. దాని నాయకుడు 1939లో ఆదాయపు పన్ను ఎగవేసినందుకు కారాగారమునకు పోయెను. ఆ మచ్చ చాలకాలము ట్రూమన్ వెంట నడచెను. కాని 1928లో బాటలకొరకు ప్రజలు ఒప్పుకొన్న 65 లక్షల డాలర్లు ఆయన చేతులమీదుగా ఖర్చుకాగా, ఆ బాటలు చెప్పినట్లు పూర్తియైనవి. తన పేర అంగడి బాకీలు మోయుచు, ప్రజల లక్షలను చేతబట్టి, అందులో ఒక్క డాలరు తనవైపు మరలింపని మనుష్యుని ఊహింపుడు. ఆయన యుద్ధధైర్యముకంటె మాకు ఈ ధైర్యమే గొప్పదిగా తోచినది.

బాకీల తీరుదల సుమారు పదునైదేండ్లు సాగెను. ప్రతి బాకీయు పైసలతో సహా చెల్లెనని చెప్పుట సరికాదు. నోటు కలిగియున్న బ్యాంకి మూతపడి దాని ఆస్తులు అమ్ముడుపోవునప్పుడు, వడ్డీతో దాదాపు 9,000 డాలర్లకు పెరిగిన నోటును, 1930ల మధ్య కాలమున, తమ్ముడు వివియన్ 1,000 డాలర్లకు కొనెను. నడుమ 1924లో ఎన్నికలో ఓటమి. ఆ యేడే ఏకైక కుమార్తె మార్గరెట్ జననము. అద్దె లేని ఇల్లు అత్తవారిది యుండుటచేతనే సంసారము నడచెను. ఆ యిల్లు కూడ హామీగా పెట్టబడి యుండినచో ఈ కథ వేరుగా నుండెడిది.

మరియొక ఇల్లు మాత్రము నిలువలేదు. గ్రాండ్‌వ్యూ పొలము మీద అంగడి బాకీ కాదు, కుటుంబ వ్యాజ్యముల నాటి నుండి వీడని పాత తాకట్టు కలదు. 1940లో, కుమారుడు దేశపు సెనేట్ సభలో సభ్యుడుగా నుండగనే, ఆ పొలము వేలమునకు పోయెను. ఎనుబదియేడేండ్ల తల్లియు, పెండ్లి లేని చెల్లెలును సామాను సర్దుకొని ఊరిలోని చిన్న ఇంటికి మారిరి. అలవాటు లేని ఆ యింటి మెట్లపై కాలు తప్పి తల్లి తుంటి విరుగగొట్టుకొనెను. అయిదేండ్లకు, 1945లో, ఆ తల్లి కుమారుడు అధ్యక్షుడయ్యెను. ఆ ఆగస్టులోనే హిరోషిమా, నాగసాకి పట్టణములపై అణుబాంబులు పడినవి. ఆ ఆజ్ఞ ఈయన కాలపుదే. దానిని మరచి ఈయనను పొగడలేము. దానిని తూచుటకు మా చిన్న వంటింటి త్రాసు చాలదు. మేమెత్తుకొన్నది అంగడి పద్దు మాత్రమే.

కథ ముగిసిన రాత్రి మేము కొంతసేపు మౌనముగా నుంటిమి. తండ్రి సట్టాలో పోయినది తల్లి పుట్టింటి భూమి. కుమారుడు యుద్ధమునకు పోగా దున్నించినది చెల్లెలు. అంగడి పోగా నీడ యిచ్చినది అత్తగారి యిల్లు. తాకట్టు తీరక పోయినది తల్లి కాపురమున్న పొలము. నిజాయితీపరుడని మనము మెచ్చుకొను ప్రతి పురుషుని బాకీ క్రిందను, కనబడకుండ, ఒక స్త్రీ చేవ్రాలు ఉండును. ఆ చేవ్రాలు చేయకముందు ఆమె లెక్క చూచినదా లేదా అనునదే ప్రశ్న.

అప్పుడు మా అత్తగారు లేచి, తమ పాత ట్రంకు పెట్టె తెరచి, ఎర్ర అట్ట వేసిన ఆవర్జా పుస్తకమొకటి తెచ్చి మనుమని యొడిలో పెట్టిరి. మామగారి కొట్టు లెక్కలవి. చివరి పుటలలో ఒక్కొక్క బాకీదారుని పేరును, ఎదుట చెల్లు చీటియు అతికించి యున్నవి. మేము కాపురమునకు వచ్చి ముప్పది రెండేండ్లయినను ఆ పుస్తకమును ఎన్నడును చూడలేదు.

“మీ తాతగారు మాట తప్పలేదు నాయనా,” అనిరి అత్తగారు. “నా వడ్డాణము పోయినందుకు నాకిప్పటికిని చింత లేదు. కాని కొట్టు తెరచిన నాడు ఈ పుస్తకము నాకు చూపలేదు. మూసిన నాడు చూపిరి. అదొక్కటే నా బాధ.”

మా వాడు ఆ పుస్తకమును చాలసేపు త్రిప్పుచు కూర్చుండెను. “నాయనమ్మా, ఇన్నేండ్లు నీవు ఇది దాచితివా?” అని మాత్రము అడిగెను.

మరునాడు మేమును అత్తగారును కలసి వానికి మా మాట చెప్పితిమి. ఇంటి దస్తావేజు ఇయ్యము. ఇల్లు హామీగా లేకుండ ఎంత ఋణము వచ్చునో అంతటితోనే ఆరంభింపవలెను. స్నేహితునితో ఒడంబడిక కాగితముపై వ్రాసికొనవలెను. లాభము వచ్చిన ఎట్లో, నష్టము వచ్చిననెట్లో రెండును అందులో నుండవలెను. ధర ఎక్కియున్నప్పుడు సరకు నిండుగా కొనరాదు. ప్రతి ఆదివారము పద్దు పుస్తకము ఇంటికి తెచ్చి మాకిద్దరకును చదివి వినిపింపవలెను; పెండ్లియైన పిమ్మట మూడవ శ్రోతగా నీ భార్యయు కూర్చుండవలెను. వాడు కొంత చిన్నబుచ్చుకొనెను. కాదని మాత్రము చెప్పలేదు.

ట్రూమన్ తన భార్యకు వ్రాసిన ఉత్తరములు 1,300కు పైగా నేటికిని భద్రముగా నున్నవి. ఆమె వ్రాసిన వానిలో పెక్కింటిని ఆమెయే కాల్చివేసెను. అంగడి కష్టకాలమున ఆమె ఏమి తలచినదో మనకు పూర్తిగా తెలియు మార్గము లేదు. మన యిండ్లలో ఉత్తరములకంటె పద్దు పుస్తకములే ఎక్కువ. వానినైనను మనము చదువుట మేలు.

మా వాని దుకాణము ఇంకను తెరువబడలేదు. చిన్న గది యొకటి అద్దెకు చూచుచున్నాడు. మా అత్తగారు మాత్రము ఆ యెర్ర పుస్తకమును మరల ట్రంకులో పెట్టలేదు. దేవుని గూటి ప్రక్కన, మేము దినవెచ్చము వ్రాసికొను పుస్తకముతోపాటు ఉంచిరి.